ఆఖరి సీసా

“చచ్చాయి! అన్నీ చచ్చాయి!” మైక్రోస్కోపు మీంచి తలెత్తి అరిచారు మా సార్.

సీసాలో ఉన్నవి క్యాన్సర్ కణాలు. మామూలు కణాలు కొన్నాళ్లకి ముసలివై పోతాయి. వీటిలో ఉండే ఒక ఎంజైము ఆ ముసలితనాన్ని దగ్గరకి రానివ్వదు. దాని ఆట కట్టించడానికే మా కొత్త మందు. మూడు నెలలుగా ఒక్కో సీసాలో వేస్తూ వచ్చాం. ఇది ఆఖరిది.

“నాలుగేళ్లు మేపావు కదమ్మా, ఈ గెలుపు నీదే,” అన్నారు సార్.

మేపింది నేనే. రోజు విడిచి రోజు పాత పోషక ద్రవం తీసేసి, గులాబీరంగులో మెరిసే కొత్తది పోస్తూ “తిన్నావా?” అని అడిగేదాన్ని. సార్ పగలబడి నవ్వేవారు.

నోటుబుక్కులో తేదీ వేసి, ‘బతికున్నవి: సున్నా’ అని రాశాను. సీసాలో బ్లీచింగ్ నీళ్లు పోశాను. గులాబీరంగు పోయింది.

“అందరికీ టీ చెప్పనా?” అన్నారు సార్.

“చెప్పండి సార్,” అని చేతులు కడుక్కున్నాను.

అక్క పోయి నాలుగేళ్లు. ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుని నవ్వింది.

“నా గడ్డని మీ ల్యాబుకే రాసిచ్చేశానే. నేనుంటానో పోతానో. దాన్ని మాత్రం ఆకలితో మాడ్చకు.”