ట్రే అడుగున అరచేయి

చేపల ప్లాస్టిక్ ట్రేలు అచ్చుపోసే మెషిన్ మీద ఆ రాత్రి సూరిబాబు ఒక్కడే ఆపరేటర్. అచ్చు ముందున్న తలుపు తీస్తే మెషిన్ ఆగిపోవాలి. ప్రతి ట్రేకీ తలుపు తీసి మూస్తే ఆలస్యమని, అందరిలాగే అతనూ తలుపు స్విచ్‌ని తీగతో కట్టేశాడు. ఇక తలుపు తెరిచి ఉన్నా అచ్చు మూసుకుంటూనే ఉంటుంది.

బయట కొల్లేరు వైపు నుంచి కప్పల అరుపు కూడా లేదు.

"ఏవండీ సూరిబాబు గారూ, వేడి మీద ఉత్త చేత్తో పట్టుకోకండి. ట్రే అడుగున అరచేయి గుర్తు పడుతోందండి," అంది అంచులు కోస్తున్న కనకమహాలక్ష్మి.

"నేను గ్లోవ్స్‌తోనే తీస్తున్నానండీ."

ఆమె మరో ట్రే తిప్పి చూపించింది. ఈసారి గుర్తు ఇంకా లోతుగా ఉంది. చేతి గీతలు కూడా తెలుస్తున్నాయి. చిటికెన వేలు పక్కకి వంగి ఉంది, చిన్నప్పుడు పడవకీ రేవుకీ మధ్య నలిగిన సూరిబాబు వేలులాగే.

"మెషిన్ ఆపేయండి," అందామె, గొంతు తగ్గించి.

"అలాగేనండి."

స్టాప్ బటన్ వైపు కుడి చెయ్యి చాపాడు. అందలేదు. ఎందుకు అందడం లేదా అని తిరిగి చూసుకున్నాడు. ఎడమ చెయ్యి అప్పటికే, గ్లోవ్ లేకుండా, అచ్చు లోపల ఆనించి ఉంది.