కుడివైపు లేచిన చెయ్యి

ఎండ మనుషుల్ని కాల్చడం మొదలయ్యాక ఊరంతా పాత బొగ్గుగనిలోకి దిగింది. ఇప్పుడు ప్రతి వంటింటి గోడలోనూ ఒక గాజుపలక. అందులో పై లోకం బొమ్మ. ఒక కటకం తలకిందులు చేసిన బొమ్మను ఇంకో కటకం నిలబెడుతుంది. సొరంగం మలుపులోని అద్దం మాత్రం కుడిని ఎడమ చేస్తుంది. అందుకే పనికి పైకెళ్లేవాళ్లకూ కిందివాళ్లకూ ఒక ఒప్పందం: పలకలో కుడివైపు చెయ్యి లేస్తే క్షేమం, ఎడమవైపు లేస్తే ప్రాణాపాయం.

సారమ్మ రొట్టెలు కాలుస్తూ పలకకేసి చూసింది. ఎండను ఆపే అంగీ తొడుక్కుని పైన సోలార్ రేకుల దుమ్ము తుడిచే ఆమె భర్త ఓదెలు కుడివైపు చెయ్యెత్తి నిలబడ్డాడు. ఆమె నవ్వి, రొట్టె తిరగేసింది.

"నీ మొగనికి ఇయ్యాల పని లేనట్టున్నది, ఎత్తిన చెయ్యి దించుతలేడు," అని అత్త లస్మవ్వ ఎగతాళి చేసింది. "అగో, అంగీ మీది పేరు గూడ సక్కగ సదువొస్తున్నది!"

సారమ్మ చేతిలోని అట్లకాడ జారింది. ఇన్నేళ్లూ ఆ అక్షరాలు తిరగబడే కనిపించాయి.

"అత్తమ్మా, పొద్దుగాల మిస్త్రీలు మలుపుకాడ ఏం జేసిండ్రు?"

"పక్కింటోళ్లకు వెలుగు సాలుతలేదని ఇంకో అద్దం పెట్టిండ్రు గదనే."

ఆ రెండో అద్దం ఎడమను కుడి చేసి చూపింది.

సారమ్మ ఆపద గంట గొలుసు లాగింది. కాపాడేవాళ్లతో లిఫ్టు మూలుగుతూ పైకి కదిలింది. పలకలో ఓదెలు మోకాళ్ల మీద కూలాడు. చెయ్యి మాత్రం దించలేదు.

"ఒస్తున్నరు, జరంత ఓపిక పట్టు," అంటూ ఆమె రెండు అరచేతులనూ గాజు మీద, ఆ చేతి కింద ఆనించింది.

ఆ చెయ్యి ఆమె అరచేతుల మీదుగా, ఏ బరువూ లేకుండా, కిందికి వాలిపోయింది.