వేపాకు పరీక్ష

మిరప చేలో జ్ఞానమ్మత్తను పాము కరిచింది. నేను 108కు ఫోన్ చేయబోతే చేను ఆసామి గుంజుకున్నాడు. గట్టుమీది వేపాకు దూసి అత్త నోట్లో కుక్కినాడు.

"చేదుగుందా?"

"చేదే నాయనా."

"చేదు తెలిసిందంటే విషం ఎక్కనట్టే. ఈ సాలు కోసి పో."

సాలు సగం కాకముందే అత్త కనురెప్పలు వాలిపోయినాయి. మాట పడిపోయేదాకా చేదనే అన్నది. గిద్దలూరు దోవలో, ఆటోలోనే పోయింది.

నిన్న వాడి బర్రెను పాము కరిచింది. ఉరుకులమీద ఫోన్ చేసి పశువుల డాక్టరును కారులో రప్పించినాడు.

"దీనికి వేపాకు పెట్టలేదేంది అన్నా?" అని అడిగినా.

పిచ్చిదాన్ని చూసినట్టు చూసినాడు.

"నోరులేని జీవం మే! చేదో కాదో అదెట్ల చెప్తది?"