అక్క సీసాలు

"ఇంకోసారి రుద్దు," అన్నాడు నాన్న పెరటి గుమ్మంలోంచి, గొంతు తగ్గించి. "ముక్కు పక్కన ఇంకా మెరుస్తోంది."

చిన్నది మళ్ళీ సబ్బు అందుకుంది. చర్మం బిర్రుగా లాగి మండేదాకా రుద్దింది. తర్వాత తనే అక్క చెప్పులు వేసుకుని, పెరటి తలుపు దాటి, సందు చుట్టి వీధివైపుకు వచ్చి కాలింగ్ బెల్ నొక్కింది.

ఇద్దరూ కవలలు. ముఖం ఒకటే, గొంతు ఒకటే. తేడా అంతా చర్మంలోనే. పెద్దదానిది పొడి చర్మం, చిన్నదానిది జిడ్డు. చూపు పోకముందు అమ్మ బ్యూటీ పార్లర్ నడిపేది. సబ్బంటే ఆవిడకు ఒళ్ళు మంట. ముఖాన్ని నూనెతోనే శుభ్రం చెయ్యాలనేది. పొడి చర్మానికి బాదం నూనె, జిడ్డు చర్మానికి ఆముదం కలిపిన పొద్దుతిరుగుడు నూనె. ఇప్పటికీ సీసాలను వాసన చూసే పోల్చుకుంటుంది. పెళ్ళయి వేరే ఇంట్లో ఉంటున్న పెద్దది ప్రతి ఆదివారం వచ్చి అమ్మ చేత ముఖం తుడిపించుకుని వెళ్ళేది.

అమ్మ గుండె ఆపరేషన్‌కి ఆసుపత్రిలో ఉండగానే అక్కను లారీ గుద్దేసింది. ఆ మాట ఇప్పుడే ఆవిడ చెవిన పడితే గుండె తట్టుకోదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే ఆదివారం పూట అక్క బతికొస్తోంది.

"వచ్చావా పెద్దదానా," అంటూ అమ్మ ఒళ్ళో తువ్వాలు పరిచింది.

చిన్నది ఆ ఒళ్ళో తల వాల్చింది. గోరువెచ్చని బాదం నూనె నుదుటిమీద పడింది. అమ్మ వేళ్ళు కణతల మీదుగా బుగ్గలమీదికి జారి, గడ్డం దగ్గర ఆగాయి.

"మొటిమ."

"ఎండకి లేమ్మా."

"నేనిచ్చే నూనె రాసుకుంటున్నావా?"

"రోజూ."

"అబద్ధాలాడే మొహమూ నువ్వూనూ." అమ్మ దాని ముక్కు మీద వేలితో మెత్తగా కొట్టింది. "దాచుకుని ఏం చేస్తావే? రాసుకోవడానికేగా ఇచ్చేది."

గుమ్మం దగ్గర నాన్న ఇబ్బందిగా కదిలాడు. అమ్మ వేణ్ణీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు ముఖంమీద కప్పింది. దాని కింద చిన్నది చప్పుడు కాకుండా ఏడ్చింది.

చెల్లి ఏదని అమ్మ అడిగింది. బజారుకెళ్ళిందని నాన్న అందించాడు.

"నువ్వొస్తే చాలు, అది మాయమైపోతుంది," అని నవ్వింది అమ్మ. తువ్వాలు తీయకుండానే అంది. "దాన్ని కాస్త కనిపెట్టుకుని ఉండవే. ఈమధ్య బాగా అలిసిపోతోంది."

వెళ్ళేముందు ఎప్పట్లాగే మూత బిగించిన చిన్న సీసా చేతిలో పెట్టింది.

సందు చుట్టి, పెరటి వైపు నుంచి చిన్నది మళ్ళీ చిన్నదిగా ఇంట్లోకొచ్చింది. అక్క చెప్పులు బీరువాలో దాచింది. పక్కనే అక్క సీసాలు. ఆసుపత్రి నుంచి వచ్చింది మొదలు ప్రతి ఆదివారం అమ్మ ఇచ్చినవి. మూత తీస్తే అక్క వాసన కొడుతుందని ఒక్కటీ తెరవలేదు.

ఇవాళ మాత్రం సబ్బు మంట ఓర్చుకోలేకపోయింది. బాదం నూనె కదా, కాస్త చల్లబడుతుందని కొత్త సీసా మూత తిప్పింది.

గుప్పున ఆముదం వాసన.

అమ్మ చెయ్యి పొరబడిందేమో అనుకుంది. పక్క సీసా తీసింది. దాని పక్కది కూడా. అన్నిటికన్నా వెనకున్న, మొట్టమొదటి ఆదివారం నాటి సీసా తెరిచింది.

అందులోనూ ఆముదమే.