మొగుడు కాదు, వచ్చిపోయేవాడు

తలుపు చప్పుడైనప్పుడు గ్యారీ వంటింటి సింకు దగ్గర గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా ఉంది. రెండోది ఇంకా నురగలోనే ఉంది.

లోర్నా కిటికీలోంచి తొంగిచూసింది. మెడలో కౌన్సిల్ ఆఫీసు కార్డు వేలాడుతున్న మనిషి వానలో నిలబడి ఉన్నాడు.

“వెనకనుంచి పోనా?” అన్నాడు గ్యారీ.

“ఆ మొహంతోనా? కూర్చో. నోరు మాత్రం విప్పకు.”

వాళ్ళ రెండేళ్ళ కూతురు టిల్లీకి సర్కారు ఖర్చుతో నర్సరీలో చోటు దొరికింది. ఇంటి ఆదాయం ఒక గీత దాటకూడదని షరతు. లోర్నా బేకరీ జీతం ఆ గీతకు బాగా కిందే ఉంది. గ్యారీ గోదాము జీతం కలిపితే కొంచెం పైకి పోతుంది. నర్సరీ లేకపోతే లోర్నా పని మానాలి. పని మానితే అద్దె కట్టలేరు. అందుకని మొగుడూ పెళ్ళాలిద్దరూ విడిపోయారు, కాగితాల మీద.

వచ్చినతని పేరు నెవిల్. తడి కోటు కూడా విప్పకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“మీ ఆయన ఈ ఇంట్లోనే ఉంటున్నాడని ఫిర్యాదు వచ్చిందమ్మా. ఈయనేనా?”

“అయ్యో, ఆయన ఎప్పుడో వెళ్ళిపోయాడు సార్! ఇతను నా...” లోర్నా తువ్వాలు తీసి గ్యారీ భుజాన వేసింది. “ప్రియుడు.”

నురగ మొహంలోంచి గ్యారీ గుడ్లప్పగించి చూశాడు.

“ఇక్కడే ఉంటాడా, వచ్చిపోతాడా? సరిగ్గా చెప్పండి. ఇక్కడే కాపురముంటే మొగుడి కింద లెక్క. జీతం కలపాలి. వచ్చిపోయేవాడైతే చుట్టం కింద లెక్క. కలపక్కర్లేదు.”

“వచ్చిపోయేవాడే సార్! వచ్చినదానికంటే పోయిందే ఎక్కువ.”

నెవిల్ గ్యారీ వైపు తిరిగాడు. “ఈమె పుట్టినరోజెప్పుడు?”

గ్యారీ పైకప్పు వైపు చూశాడు. కిందికి చూశాడు. “మే నెలా?”

“ఆగస్టు!” అని అరిచింది లోర్నా.

నెవిల్ కనుబొమలు ముడిపడ్డాయి. “ప్రియుడికి పుట్టినరోజు గుర్తుంటుందమ్మా. మర్చిపోయేవాడు మొగుడే.”

లోర్నాకు నిజంగానే ఏడుపు ముంచుకొచ్చింది. “చూశారా సార్, ఎలాంటివాణ్ణి నమ్ముకున్నానో! ఒకడు అలా పోయాడు, రెండోవాడు ఇలా తగలడ్డాడు.”

“నేనేం చేశానే?” అన్నాడు గ్యారీ.

అంతలో గదిలోంచి టిల్లీ తప్పటడుగులు వేసుకుంటూ వచ్చింది. చేతిలో సగం కొరికిన బిస్కెట్టుంది. తిన్నగా గ్యారీ దగ్గరికి వెళ్ళి మోకాలు పట్టుకుంది.

“డాడీ!”

లోర్నాకు నర్సరీ, బేకరీ, ఇల్లు అన్నీ ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయాయనిపించింది.

టిల్లీ అక్కడితో ఆగలేదు. అటు తిరిగి బిస్కెట్టు నెవిల్ నోటికి అందిస్తూ ఇంకా గట్టిగా అరిచింది. “డాడీ!”

నెవిల్ ఉలిక్కిపడి కిటికీ వైపు చూశాడు. “మెల్లిగా తల్లీ! పక్కింటివాళ్ళు వింటారు.”

“పోస్టుమ్యాన్ని కూడా అలాగే పిలుస్తుంది సార్” అంది లోర్నా, గడగడా. “దానికి ప్యాంటు వేసుకున్నవాళ్ళంతా డాడీలే.”

“అలాగా? నర్సరీలో కూడా అలాగే అనేలా అలవాటు చేశారా?”

“అదే అలవాటైంది సార్.”

“మంచి అలవాటు.” నెవిల్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “మరి ఈయన గడ్డం సామాను?”

“తన సంచిలోనే తెచ్చుకుంటాడు, తీసుకుపోతాడు.”

“మురికిబట్టలు?”

“వాళ్ళమ్మ ఉతుకుతుంది.”

“చెప్పులు?”

“చేత్తో పట్టుకొస్తాడు సార్. గుమ్మంలో కనిపిస్తే ఊరంతా కథలల్లుతారు.”

“చెప్పులు... నిజమే” అని గొణుక్కుంటూ నెవిల్ కలం తీసి అరచేతిలో ఏదో రాసుకున్నాడు. కౌన్సిల్ ఫారం మాత్రం మడత విప్పకుండా సంచిలోనే ఉండిపోయింది.

చివరికి లేచి, కోటు గుండీలు పెట్టుకున్నాడు.

“ఇందులో తప్పేమీ కనబడలేదమ్మా. పాప నర్సరీకి ఢోకా లేదు.” గుమ్మం దాకా వెళ్ళి గ్యారీని ఎగాదిగా చూశాడు. “నువ్వు మాత్రం పుట్టినరోజు బట్టీ పట్టు.”

తలుపు మూసుకోగానే లోర్నా నేలమీద కూలబడి నవ్వింది. ఆ నవ్వులో కన్నీళ్ళు కారాయి. గ్యారీ టిల్లీని భుజానికెత్తుకుని మిగిలిన సగం గడ్డం గీసుకోవడానికి వెళ్ళాడు.

ఊరికి అవతలి కొసన ఉన్న ఒక ఇంటి ముందు నెవిల్ చెప్పులు విప్పి చంకలో దాచుకుని, “ప్లంబర్నండీ!” అని ఇరుగుపొరుగుకు వినబడేలా కేకేసి, తన పెళ్ళాం తలుపు తీసేదాకా వానలో నిలబడ్డాడు.