చెంబు పట్టేంత సందు

“ఈ చేను వద్దక్కా. ఇందులో ఏమీ మొలవదు,” అంది పక్కచేను వెంకటమ్మాళ్, చిన్నత్తాయి చెంబులో మజ్జిగ పోస్తూ.

అయ్యసామి గట్టు మీంచి లేచాడు. తిరుమంగళం సంతలో బండెద్దులను అమ్మి, ఆ డబ్బుతో తొలిసారి భూమి కొనబోతున్నాడు. కుంపిణీ దొరల కచ్చేరిలో పట్టా మార్చుకోవడమే మిగిలింది.

“పోదాం పద అత్తా. ఎద్దులనన్నా వెనక్కి అడుగుతా.”

మేనత్త చిన్నత్తాయి గట్టు మీంచి కదల్లేదు. “ఉండరా. ఏమ్మా, ఏమీ మొలవని చేన్లో నీ మేకలు ఏం మేస్తాండాయి?”

“అవా? వాటికి తెలివి లేదక్కా.”

“మేకలకా?”

వెంకటమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “మా ఆయన కూడా ఈ చేనే అడగతాండాడక్కా.”

అయ్యసామి ముఖం వెలిగింది. “అయితే కొనేదా అత్తా?”

“కొను. ముందు కంచె వెయ్యి.”

వెంకటమ్మాళ్ మజ్జిగ కుండ గబుక్కున వెనక్కి లాక్కుంది.

చిన్నత్తాయి తాగేసిన ఖాళీ చెంబు చూసుకుంది. “ఈమె చేను పక్క మాత్రం చెంబు పట్టేంత సందు వదలరా. మేక పట్టకూడదు.”

కుండ మళ్లీ ముందుకు వంగింది.