పక్క గదిలో హాజరు

కరోనా రోజుల్లో సూరత్‌లోని ఆ కాలేజీకి విద్యార్థులు రావడం మానేశారు. ఇంట్లో నెట్ సరిగా అందక, పద్మిని మేడం మాత్రం రోజూ స్టాఫ్‌రూంలో ఒంటరిగా కూర్చుని ల్యాప్‌టాప్‌లో సాయంత్రం క్లాసు చెప్పేది.

ఆరోజు చీకటి పడ్డాక హాజరు తీసుకుంటోంది.

"వినోద!"

"ప్రెజెంట్ మేడం," అని ల్యాప్‌టాప్‌లో వినిపించింది. దానికి ఒక్క క్షణం ముందు అదే గొంతు, అదే మాట, గోడ అవతల నుంచి వచ్చింది.

అవతల ఉన్నది నెలల తరబడి ఖాళీగా పడి ఉన్న క్లాసు గది. వినోదకు జ్వరమని మొన్నెవరో చెప్పారు. ఆ తర్వాత కబురు లేదు. పద్మిని మళ్లీ పిలిచింది. మళ్లీ గోడ అవతలి నుంచే గొంతు ముందు పలికింది.

ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లి, పక్క గది తలుపు తోసింది. చివరి బెంచీలో, ఫోన్ వెలుగులో ఒక ముఖం.

"భయపడకుండ్రి మేడం, నేనే," అంటూ వినోద లేచింది. "పర్వత్ పాటియా బస్తీల ఒక్క రూంల ఆరుగురం ఉంటం. పాఠం వినపడదు. వాచ్‌మన్ కాకా జర ఇక్కడ కూసోనిచ్చిండు. వెళ్లగొట్టకుండ్రి."

"మరి నీ జ్వరం?"

"తగ్గింది మేడం. నెగెటివ్ వచ్చింది."

పద్మినికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. లైటు వేసి, ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, బోర్డు మీద లెక్క రాయసాగింది.

ల్యాప్‌టాప్‌లోంచి ఒక కుర్రాడు బెదురుగా అడిగాడు.

"మేడం, ఆ చప్పుడేంటి?"

"చాక్‌పీసు," అంది వినోద.